డిక్కీ కొలిచి కారు కొనడం: పాత కారు స్థానంలో కుటుంబానికి సరిపోయే కారును ఎంచుకునే పద్ధతి

పదకొండేళ్లు వాడిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారును మార్చాలని మేము నిర్ణయించుకున్న నాటికి దాని ఇంజను చక్కగానే పనిచేస్తోంది. సంక్రాంతికి కోనసీమ వెళ్లి హైదరాబాదుకు తిరిగి వస్తున్నాం. మా అమ్మ కాళ్ల కింద బియ్యం సంచి ఉంది, పిల్లలిద్దరి మధ్య అరిసెల డబ్బా ఉంది, నా భార్య ఒడిలో ఉసిరికాయ పచ్చడి జాడీ ఉంది. ఆ అవతారంతో పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాల వరుసలో చాలాసేపు కూర్చున్నప్పుడు, ఈ కారుకు మా కుటుంబం పట్టడం లేదన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసివచ్చింది. ఆ తరువాత రెండు నెలల పాటు షోరూంలు తిరిగి, టేపు పట్టుకుని కొలిచి, కొన్ని పొరపాట్లు చేయబోయి ఆగి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. మైలేజీ గురించి, ఇంజను శక్తి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఈ వ్యాసం ప్రధానంగా సామాను చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని షోరూంకు వెళ్లడం కాదు, ఇంట్లో కూర్చుని గడిచిన రెండేళ్లలో కారు నిండిపోయిన ప్రయాణాలను కాగితం మీద రాసుకోవడం. రోజూ ఆఫీసుకు వెళ్లే ప్రయాణానికి ఏ కారైనా సరిపోతుంది, కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. పండుగకు ఊరికి వెళ్లిరావడం, శంషాబాదు విమానాశ్రయానికి ఎవరినైనా దింపడం లేదా అక్కడి నుంచి తీసుకురావడం, పెళ్లికి పట్టుచీరల సూట్‌కేసులతో వెళ్లడం, పిల్లవాడిని హాస్టలులో చేర్చడానికి పరుపుతో సహా వెళ్లడం వంటివి డిక్కీని పరీక్షించే సందర్భాలు. ఒక్కొక్క దానికి ఎదురుగా మూడు విషయాలు రాయాలి: ఎంతమంది కూర్చున్నారు, ఏమేం వేసుకున్నారు, ఏది పట్టక వదిలేశారు లేదా ఒడిలో పెట్టుకున్నారు. ఇలాంటి ప్రయాణం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో కూడా రాస్తే మంచిది. ఐదేళ్లకు ఒకసారి వచ్చే అవసరం కోసం లక్షలు ఎక్కువ పెట్టడం కంటే ఆ రోజుకు ఒక ఇన్నోవాను అద్దెకు తీసుకోవడం ఎంతో చవక.

ఇక్కడ మనవాళ్లు చేసే ఒక సహజమైన పొరపాటు ఉంది. సామాను అనగానే ఇంటి నుంచి బయలుదేరేటప్పటి సామాను గుర్తుకు వస్తుంది. ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పటి సామాను దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు, కారు కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. కనుక కొలవవలసింది తిరుగు ప్రయాణపు సామానునే.

సామానును లీటర్లలోకి మార్చడం

కార్ల కంపెనీలు డిక్కీని లీటర్లలో చెబుతాయి కాబట్టి మన సామానును కూడా లీటర్లలోకి మార్చుకోవాలి. లెక్క చాలా సులభం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. కొలిచేటప్పుడు చక్రాలను, బయటికి పొడుచుకు వచ్చే పిడిని కూడా కలుపుకోవాలి, ఎందుకంటే డిక్కీ తలుపు మూసేటప్పుడు అడ్డం పడేవి అవే. విమానంలో చేతి సామానుగా అనుమతించే 55, 35, 25 సెంటీమీటర్ల చిన్న ట్రాలీ బ్యాగు సుమారు 48 లీటర్లు. ఇళ్లలో ఎక్కువగా ఉండే మధ్యరకం సూట్‌కేసు 67, 45, 27 సెంటీమీటర్లుంటే 81 లీటర్లు. అమెరికా వెళ్లే విద్యార్థులు కొనే పెద్ద పెట్టెల మూడు కొలతల మొత్తం 158 సెంటీమీటర్లకు మించకూడదన్న విమాన సంస్థల నిబంధనకు లోబడి తయారైనా, ఒక్కొక్కటి దాదాపు 120 లీటర్లు ఆక్రమిస్తుంది. అలాంటివి రెండు, ఒక చేతి పెట్టె, ఒక వీపు సంచి కలిస్తే ఒక్క విద్యార్థి సామానే 300 లీటర్లు దాటుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ కార్లలో డిక్కీ 250 నుంచి 350 లీటర్ల మధ్య ఉంటుంది కనుక, విమానాశ్రయానికి బయలుదేరిన పిల్లవాడితో పాటు తల్లిదండ్రులు ఒక కారులో, పెట్టెలు మరో కారులో ఎందుకు వెళ్తున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మా సంక్రాంతి తిరుగు ప్రయాణం లెక్క ఇలా వచ్చింది. మధ్యరకం సూట్‌కేసులు రెండు 162 లీటర్లు, చిన్న ట్రాలీ ఒకటి 48, బియ్యం సంచి 32, పచ్చళ్లూ పిండివంటలూ సర్దిన అట్టపెట్టె 47, అమ్మ చేతిసంచి 30, ఒలిచిన కొబ్బరికాయలు ఇరవై ఉన్న గోనెసంచి 25. మొత్తం 344 లీటర్లు. బియ్యం సంచి ఇప్పుడు 26 కిలోలదే ఎక్కువగా దొరుకుతుంది. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక మిల్లర్లు ఒక కిలో పెంచి కట్టడం మొదలుపెట్టారు, కనుక ఒక పన్ను నిబంధన మా డిక్కీలో కూడా కాస్త చోటు తిన్నదన్నమాట.

అయితే 344 లీటర్ల సామానుకు 344 లీటర్ల డిక్కీ సరిపోదు. పెట్టెల మధ్య ఖాళీలు మిగులుతాయి, డిక్కీ గోడలు వంపు తిరిగి ఉంటాయి, చక్రాల గుంటలు లోపలికి ఉబ్బి ఉంటాయి. అందువల్ల వచ్చిన మొత్తానికి నాలుగో వంతు కలుపుకోవడం నాకు సబబుగా తోచింది. అలా కలిపితే మా అవసరం 430 లీటర్లకు చేరింది, అది కూడా ఐదుగురూ కూర్చుని ఉండగా. ఈ ఒక్క సంఖ్య చేతిలో ఉంటే సగం కార్లు షోరూంకు వెళ్లకముందే జాబితాలోంచి తప్పుకుంటాయి.

బ్రోషరులోని లీటర్లను ఎలా చదవాలి

కంపెనీలు డిక్కీని నీళ్లు పోసి కొలవవు. జర్మనీ కార్ల తయారీదారుల సంఘం పేరుతో పిలిచే, ఎక్కువగా వాడే వీడీఏ పద్ధతిలో 200, 100, 50 మిల్లీమీటర్ల కొలతలున్న దిమ్మెలను, అంటే ఒక్కొక్కటి సరిగ్గా ఒక లీటరు ఉండే ఇటుక లాంటి వాటిని, డిక్కీలో పేర్చి ఎన్ని పట్టాయో లెక్కపెడతారు. ఆ దిమ్మె మన మధ్యరకం సూట్‌కేసులో దాదాపు ఎనభయ్యో వంతే ఉంటుంది కనుక, సూట్‌కేసు ఎన్నడూ దూరలేని మూలల్లోకి కూడా అది దూరుతుంది. పైగా కొలత వెనక సీటు వెనుక డిక్కీని కప్పుతూ ఉండే పలక, అంటే పార్సిల్ ట్రే, ఎత్తు వరకేనా, లేక పైకప్పు వరకా అన్నది అన్ని బ్రోషర్లలో ఒకేలా ఉండదు. పైకప్పు వరకు కొలిచిన సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది కానీ, అంత ఎత్తున సామాను పేరిస్తే వెనక అద్దంలోంచి ఏమీ కనిపించదు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు పై పెట్టె వెనక సీటులోని పిల్లల తలల మీదికి వస్తుంది. కాబట్టి 430 అని ఇద్దరు చెప్పినా, ఇద్దరి 430 ఒకటే అనుకోవడానికి వీల్లేదు.

ఆకారం విషయంలో నేను చూసుకున్నవి నాలుగు. నేల పొడవు, చక్రాల గుంటల మధ్య వెడల్పు, నేల నుంచి ట్రే వరకు ఎత్తు, తెరిచిన నోటి వెడల్పు. సెడాన్ కార్ల డిక్కీ లోపల గుహలా ఉంటుంది, నోరు మాత్రం ఇరుకు. పెద్ద పెట్టె లోపల పట్టే చోటు ఉన్నా లోపలికి దూర్చడమే కష్టమవుతుంది. కొన్ని సెడాన్లలో మూత కీళ్లు కొడవలిలా వంగి, మూసినప్పుడు లోపలికి దిగుతాయి. తెరిచి ఉండగా అన్నీ పట్టినట్టే కనిపించి, మూయబోతే ఆ కీలు పెట్టె నెత్తిన కూర్చుంటుంది. హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీల నోరు వెడల్పుగా ఉంటుంది కానీ కొన్నింటిలో సామాను ఎత్తి దాటించవలసిన గడప చాలా ఎత్తున ఉంటుంది. బియ్యం సంచిని నడుము ఎత్తుకు లేపి, మళ్లీ లోపలి పల్లంలోకి దించవలసి వస్తే, అరవై దాటిన వారు ఆ పని చేయలేరు.

నాలుగు మీటర్ల గీత

మన దేశంలో డిక్కీ పరిమాణాన్ని ఇంజనీర్లతో పాటు పన్ను అధికారులు కూడా నిర్ణయిస్తారంటే అతిశయోక్తి కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సీసీకి, డీజిలు ఇంజను 1500 సీసీకి మించని కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత ఏం చేసిందో మారుతి డిజైర్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2008లో వచ్చిన మొదటి డిజైర్ నాలుగు మీటర్లకు మించి ఉండేది, దాని డిక్కీ 440 లీటర్లు. 2012లో పన్ను గీతలోకి తేవడానికి కారు తోకను కత్తిరించారు, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. 2017లో 378కి, 2024లో వచ్చిన కొత్త రూపంలో 382కి పెరిగింది తప్ప, మొదటి అంకెను మళ్లీ అందుకోలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ గీత మరింత లోతుగా పడింది. ఆ కొలతల లోపున్న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం, దాటిన వాటి మీద 40 శాతం, విద్యుత్ కార్ల మీద 5 శాతం. పొడవు నాలుగు మీటర్ల లోపే ఉన్నా ఇంజను పెద్దదైతే పెద్ద పన్నే పడుతుందని గుర్తుంచుకోవాలి. ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజనున్న బ్రెజా అలాంటిదే. కనుక మీకు కావలసిన లీటర్లు 400 లోపే ఉంటే గీతకు ఇవతలి కార్లలోనే వెతకడం తెలివైన పని. చిన్న సెడాన్లయిన హోండా అమేజ్ 416 లీటర్లు, హ్యుందాయ్ ఆరా 402 లీటర్లు చెబుతాయి, చిన్న ఎస్‌యూవీలైన ఎక్స్‌టర్ 391, నెక్సాన్ 382 చెబుతాయి. 430 దాటితే చాలావరకు గీత అవతలికి పోవలసి వస్తుంది. క్రెటా 433, హోండా ఎలివేట్ 458, స్లావియా, వర్టస్ 521, వెర్నా 528 లీటర్లు ప్రకటిస్తున్నాయి. ఇవన్నీ కంపెనీలు చెప్పిన సంఖ్యలు, మోడల్ మారినప్పుడల్లా మారతాయి, కనుక కొనే రోజు బ్రోషరు చూడాలి.

ఎస్‌యూవీ అంటే డిక్కీ పెద్దదన్న భావన మనలో బలంగా నాటుకుంది. పై అంకెలు చూస్తే చిన్న ఎస్‌యూవీల కంటే చిన్న సెడాన్లలోనే ఎక్కువ చోటు ఉందని తెలుస్తుంది. ఎత్తుగా ఉండటం వేరు, వెనక చోటు ఉండటం వేరు. సామాను ఒక్కటే ప్రమాణమైతే నా ఓటు సెడాన్‌కే. కానీ మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సెడాన్‌లో కిందికి దిగి కూర్చోవడం, మళ్లీ లేవడం ఆమెకు శిక్ష అయింది. మొదటి షోరూంలో వెనక సీటులోంచి లేవడానికి ఆమె నా భుజం పట్టుకున్నప్పుడే మా జాబితాలోంచి సెడాన్లన్నీ పోయాయి.

మూడు వరుసల కార్ల సంగతి

ఏడుగురు కూర్చునే కారులో సామానుకు బోలెడంత చోటు ఉంటుందని అనుకోవడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఏడుగురూ కూర్చుంటే చోటు ఉండదు. ఎర్టిగాలో మూడో వరుస నిలబెట్టి ఉంచితే మిగిలేది 209 లీటర్లు, కారెన్స్‌లో 216, ఆల్కజార్‌లో 180, ట్రైబర్‌లో 84. పెద్ద కారైన ఇన్నోవా క్రిస్టాలో కూడా 300 లీటర్లే. ఏడుగురు మనుషులకు తలా ఒక చిన్న సంచి తప్ప మరేమీ పట్టదు. అదే ఎర్టిగాలో మూడో వరుస మడిస్తే 550 లీటర్లు, ట్రైబర్‌లో మూడో వరుస సీట్లను పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టి బయలుదేరితే 625 లీటర్లు వస్తాయి. ట్రైబర్ నాలుగు మీటర్ల గీతకు ఇవతలే ఉండటం వల్ల తక్కువ ఖర్చులో ఐదుగురికీ, భారీ సామానుకూ సరిపోయే అరుదైన కారు అది. అయితే ఒక లీటరు ఇంజనుతో నిండు బండిని ఎక్కుడు దారిలో నడిపి చూశాకే నిర్ణయించుకోవాలి.

అంటే మూడు వరుసల కారును ఏడుగురి కారుగా కొనకూడదు, అప్పుడప్పుడు ఏడుగురు కూర్చోగల ఐదుగురి కారుగా కొనాలి. ఐదుగురికి పెద్ద డిక్కీ, ఊళ్లో గుడికి వెళ్లేటప్పుడు సామాను లేకుండా ఏడుగురు అన్న లెక్క కుదిరే కుటుంబానికి ఇంతకు మించినది లేదు. మూడో వరుస రెండు ముక్కలుగా మడిచే వీలుంటే ఆరుగురు మనుషులు, ఒక పక్క నిలువుగా సామాను అన్న మధ్యేమార్గం కూడా ఉంటుంది. కొనేముందు మడిచిన సీటు నేలతో సమంగా పడుతుందా, మెట్టులా ఎత్తుగా మిగులుతుందా అన్నది చూడాలి. మెట్టు మిగిలితే బరువైన పెట్టెను జరపడం కష్టం. సీట్లను మడిచే పని ఇంట్లో కారు నడిపే అందరి చేతా చేయించి చూడాలి. సేల్స్‌మన్ ఒంటిచేత్తో చేసిన పని మన వల్ల కాకపోవచ్చు.

ఇంధనం డిక్కీని ఎలా తింటుంది

ఒకే పేరున్న కారులో ఇంధనాన్ని బట్టి డిక్కీ మారిపోతుంది, బ్రోషరు మొదటి పేజీలో మాత్రం పెద్ద అంకే ఉంటుంది. సీఎన్‌జీ కార్లలో 60 లీటర్ల సిలిండరును చాలావరకు డిక్కీలోనే బిగిస్తారు. అది పోగా మిగిలిన చోటులో ఒక మెత్తని సంచి తప్ప పెట్టె పట్టదు. ఎర్టిగా సీఎన్‌జీలో మూడో వరుస వాడుకుంటే వెనక సామానుకు దాదాపు చోటే లేదు. టాటా కంపెనీ 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి, ఒక పెద్ద సిలిండరుకు బదులు 30 లీటర్లవి రెండు డిక్కీ నేల కింద పక్కపక్కన అమర్చి, స్టెప్నీని కారు కిందికి పంపింది. అందువల్ల ఆల్ట్రోజ్‌లో 345కి బదులు 210 లీటర్లు, నెక్సాన్‌లో 382కి బదులు 321 లీటర్లు మిగులుతున్నాయి. ఆ చోటు తక్కువే, కానీ నేల చదునుగా ఉంటుంది కాబట్టి పనికొస్తుంది.

ఇంజనుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని ఎక్కడ పెట్టారన్నది ప్రశ్న. గ్రాండ్ విటారా మామూలు పెట్రోలు రకంలో 373 లీటర్లుండగా, బ్యాటరీ వెనక ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్ రకంలో 265 లీటర్లే. ఇన్నోవా హైక్రాస్‌లో బ్యాటరీ ముందు సీట్ల కింద ఉంటుంది కనుక డిక్కీకి నష్టం లేదు. విద్యుత్ కార్లలో కొన్ని ఈ విషయంలో ఉదారంగా ఉన్నాయి. ఎంజీ విండ్సర్ 604 లీటర్లు ప్రకటించింది. అయితే కొన్ని విద్యుత్ కార్లలో స్టెప్నీకి బదులు పంక్చరు అతికించే కిట్టు మాత్రమే ఇస్తారు. ఊళ్లకు రాత్రివేళ వెళ్లేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

స్టెప్నీ గురించి మరో మాట. అది డిక్కీ నేల కింద ఉంటే, దారిలో పంక్చరు అయినప్పుడు సర్దిన సామానంతా రోడ్డు మీదికి దించాలి. కారు కింద వేలాడే రకంలో ఆ బాధ లేదు, బురదలో పడుకుని విప్పవలసిన బాధ ఉంది. నాకు రెండోదే నయమనిపించింది.

సామానుతో షోరూంకు వెళ్లడం

జాబితాను మూడు కార్లకు కుదించాక అసలు పరీక్ష ఉంటుంది. పని దినాన ఉదయం, రద్దీ లేని వేళ, ముందుగా ఫోను చేసి, మీ పాత కారులో మీ సూట్‌కేసులు, ఒక అట్టపెట్టె, టేపు, ఇంట్లోని పెద్దవారిని తీసుకుని వెళ్లండి. సూట్‌కేసుల్లో దుప్పట్లు కుక్కి ఉబ్బించండి, ఎందుకంటే ఖాళీ పెట్టె నొక్కితే నొక్కుకుంటుంది, నిండు పెట్టె నొక్కుకోదు. మేము వెళ్లిన ఒక చోట ప్రదర్శన కారులో సామాను పెడితే గీతలు పడతాయని అభ్యంతరం చెప్పారు. దుప్పటి పరిచి పెడతామంటే ఒప్పుకున్నారు. ఎక్కడైనా బొత్తిగా ఒప్పుకోకపోతే టెస్ట్ డ్రైవ్ కారులో అడగండి, దాని మీద ఎలాగూ గీతలుంటాయి.

ముందు డ్రైవరు తన సీటును తాను నిజంగా నడిపే స్థితిలో పెట్టుకోవాలి. వెనక వారు కాళ్లు చాపుకుని, సీటు వాలు తమకు నచ్చినట్టు సర్దుకోవాలి. వెనక సీటును నిటారుగా నిలబెట్టి డిక్కీ చూపించడం సేల్స్ విద్యల్లో ఒకటి. అలా నిటారుగా కూర్చుని విజయవాడ దాకా వెళ్లలేం. ఆ తరువాత సామాను పెట్టి, ట్రే బిగించి, తలుపు మూసి చూడాలి. ట్రే తీసేస్తేనే మూతపడుతుంటే అది పట్టినట్టు కాదు. మధ్యలో కూర్చునే ఐదో మనిషిని మరవకండి. మధ్య సీటు గట్టిగా, ఉబ్బెత్తుగా ఉందా, అక్కడ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా అన్నది చూడాలి. వాడిన కారు కొంటున్నట్టయితే ఇది తప్పనిసరి, పాత మోడళ్లలో మధ్యలో నడుముకు కట్టే బెల్టు మాత్రమే ఉండేది. ఇంట్లో చక్రాల కుర్చీ ఉంటే అది మడిచినా దాదాపు మీటరు పొడవుంటుంది కనుక దానిని కూడా తీసుకువెళ్లండి. పసిబిడ్డ ఉంటే స్ట్రోలరును, చైల్డ్ సీటును తీసుకువెళ్లండి.

ఏ వేరియంటును చూస్తున్నారో రాసుకోండి. షోరూంలో పెట్టేది చాలావరకు ఖరీదైన వేరియంటు. కింది వేరియంటులో వెనక సీటు 60, 40 భాగాలుగా విడిగా మడవకుండా ఒకే చెక్కలా మడిచేదై ఉండవచ్చు, పార్సిల్ ట్రే లేకపోవచ్చు, వెనక అద్దానికి వైపరు ఉండకపోవచ్చు. నలుగురు మనుషులతో పాటు పొడవాటి వస్తువును, చాపచుట్టనో కర్టెన్ రాడ్డునో తీసుకువెళ్లాలంటే విడిగా మడిచే సీటే కావాలి. దీనికోసం ఒక మెట్టు పై వేరియంటు తీసుకోవడం సన్‌రూఫ్ కోసం తీసుకోవడం కంటే అర్థవంతమని నా అభిప్రాయం.

టెస్ట్ డ్రైవ్‌ను కూడా నిండు బండితోనే చేయాలి. సేల్స్‌మన్‌తో కలిసి ఇద్దరే వెళ్లి తిరిగి వస్తే ప్రతి కారూ బాగానే పరుగెత్తుతుంది. ఐదుగురు కూర్చుని, ఏసీ వేసి, ఫ్లైఓవరు ఎక్కుడులో ఆపి మళ్లీ కదిలించి చూడండి. ఎత్తైన స్పీడ్ బ్రేకరు మీద కారు అడుగు తగులుతోందేమో వినండి. లోపలి అద్దంలోంచి వెనక రోడ్డు ఎంత కనిపిస్తోందో చూడండి.

బరువు, కప్పు, పార్కింగు

చోటు ఉన్నంత మాత్రాన బరువు వేయవచ్చని కాదు. ప్రతి కారుకూ ఖాళీ బరువు, మనుషులతో, సామానుతో కలిపి మోయగల గరిష్ఠ బరువు అని రెండు సంఖ్యలుంటాయి. ఓనర్స్ మాన్యువల్‌లో చూడవచ్చు. ఉదాహరణకు ఖాళీ బరువు 1,200 కిలోలు, గరిష్ఠ బరువు 1,750 కిలోలు అనుకుంటే మోయగలిగింది 550 కిలోలు. తలకు 65 కిలోల చొప్పున ఏడుగురు కూర్చుంటే 455 పోయి 95 కిలోలు మిగులుతాయి. మూడు బియ్యం సంచులూ, ఒక చిన్న సూట్‌కేసుతో అది ముగిసిపోతుంది. నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద అంటించిన చీటీలో విడిగా రాసి ఉంటుంది. బయలుదేరే ముందు ఆ మేరకు పెంచి, తిరిగి వచ్చాక తగ్గించుకోవాలి. బరువైనవి అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టి, తేలికైనవి పైన పెడితే కారు మలుపుల్లో నిలకడగా ఉంటుంది.

చోటు చాలకపోతే కప్పు మీద కట్టుకుందామనే ఆలోచనతో చిన్న కారు కొనడాన్ని నేను సమర్థించను. చాలా కార్ల కప్పు మీద కనిపించే రెయిల్స్ అలంకారానికే ఉంటాయి. అవి బరువు మోస్తాయా, ఎన్ని కిలోల వరకు మోస్తాయన్నది మాన్యువల్‌లో ఉంటుంది, షోరూంలో చెప్పే మాట మీద ఆధారపడకూడదు.

పార్కింగు కొలతను చాలామంది చివరకు వదిలేస్తారు. ఎర్టిగా పొడవు సుమారు 4.4 మీటర్లు, వెర్నా 4.5 మీటర్లు దాటుతుంది. అపార్టుమెంటు సెల్లారులో స్తంభానికీ గోడకూ మధ్య మీకు కేటాయించిన చోటును ముందే కొలవాలి. కారు పట్టడంతో పని అయిపోదు. వెనక్కు పెట్టి నిలిపాక డిక్కీ తలుపు తెరవడానికి వెనక చోటు ఉండాలి, పైకి లేచే తలుపు సెల్లారు దూలానికి తగలకుండా ఉండాలి. మా అపార్టుమెంటులో దూలం తక్కువ ఎత్తులో ఉండటంతో, సామాను వేసుకునే రోజున కారును ముందు గేటు దగ్గరికి తెచ్చుకోవలసి వస్తోంది. కొనేముందు కొలిచి ఉంటే కనీసం ఆశ్చర్యపోయేవాళ్లం కాదు.

పాత కారును సాగనంపడం

కొత్త కారు బుక్ చేయడానికి ముందే పాత దాని సంగతి తేల్చుకుంటే కొంత డబ్బు కలిసి వస్తుంది. తెలంగాణలో ఒకే వ్యక్తి పేరు మీద రెండో వ్యక్తిగత కారు రిజిస్టరైతే జీవితకాల పన్ను ఎక్కువ శాతం పడుతుంది, కనుక పాత కారు యాజమాన్యం మారాకే కొత్తది రిజిస్టరయ్యేలా చూసుకోవాలి. అమ్మకానికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. అప్పు తీరిన కారైతే బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ఆర్‌సీ మీది తనఖా పేరు తొలగించుకోవాలి. కొత్త యజమాని పేరు ఆర్‌సీలోకి ఎక్కినట్టు ఆన్‌లైన్‌లో కనిపించేదాకా బాధ్యత మీదేనని అనుకోవడం మంచిది. ఆ కారు మీద వచ్చే చలాన్లు, అంతకంటే పెద్ద చిక్కులు మీ పేరుకే వస్తాయి. ఏళ్ల తరబడి క్లెయిము లేకుండా కూడబెట్టిన నో క్లెయిమ్ బోనసు కారుది కాదు, యజమానిది. బీమా సంస్థ నుంచి దానికి పత్రం తీసుకుంటే కొత్త కారు బీమాలో సొంత నష్టం భాగం ప్రీమియం మీద గరిష్ఠంగా 50 శాతం వరకు తగ్గుతుంది. పాత ఫాస్టాగ్‌ను మూయించి, అద్దం మీది చీటీని చింపేయాలి.

కొత్త కారు ఇంటికి తెచ్చుకునే రోజున పూజకు నిమ్మకాయలతో పాటు ఆ టేపును, ఒక సూట్‌కేసును కూడా తీసుకువెళ్లాం. మాకు ఇస్తున్న వేరియంటులో సీట్లు చెప్పినట్టే మడుస్తున్నాయా, స్టెప్నీ, జాకీ, పానా ఉన్నాయా, ట్రే ఇచ్చారా అని చూసుకుని సంతకం పెట్టాం. మేము ఎంచుకున్నది మూడో వరుస మడిచి వాడుకునే కారు. ఎంపిక నాదని అందరికీ చెబుతుంటాను కానీ, వెనక తలుపు తీసి చెయ్యి పట్టుకోకుండా ఎక్కి కూర్చున్న అమ్మే దానిని తేల్చింది. పాత కారు కొన్నవారికి అప్పగించే ముందు డిక్కీ నేల పలక ఎత్తి చూస్తే, స్టెప్నీ గుంతలో నాలుగేళ్ల క్రితం పోయిందనుకున్న జాడీ మూత దొరికింది.